లోపలి నంబరు

ఉదయగిరిలో బస్సెక్కినప్పటి నుంచీ చెంచమ్మ ఒడిలోని సంచి మీద చెయ్యి తియ్యలేదు. సంచిలో గోంగూర కట్టలు, కారప్పొడి డబ్బా, మనవడికి చొక్కా గుడ్డ. వాటి నడిమధ్యన, పాత చీర ముక్కలో చుట్టి, దాని మీద ఇంకో చీర ముక్క చుట్టిన సీడీ. మొదట కిటికీ పక్కన కూర్చుంది. ఎండకు కరిగిపోతుందేమోనని ఇవతలికి జరిగింది. ఇవతల నిలబడినవాళ్లు ఎవరైనా మీద పడి విరగ్గొడతారేమోనని మళ్లీ కిటికీ పక్కకు పోయి, ఎండకు వీపు పెట్టి కూర్చుంది. పక్కసీటు ముసలాయన ఇదంతా చూసి, సంచిలో గుడ్లా అని అడిగాడు. చెంచమ్మ అవునన్నట్టు తలూపింది. గుడ్లనుకుంటే మంచిదే, దూరంగా ఉంటారు.

ఆమె పోతున్నది ఆత్మకూరుకు, కొడుకింటికి. కొడుకు పెంచలప్రసాద్ అక్కడి డిపోలో కండక్టరు. కోడలు శ్వేత ఒక నెట్ సెంటర్లో పని చేస్తుంది. వాళ్లకు ఒక్కగానొక్క పిల్లాడు రాజా. వాడికి మూడేళ్లు నిండి నాలుగోది నడుస్తోంది. ఇంతవరకూ ఒక్క మాట రాలేదు.

భయపడటం చెంచమ్మకు పుట్టుకతో వచ్చిన విద్య. వాన రాకపోతే కరువంటుంది, వస్తే గొర్రెల గిట్టలు చెడతాయంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే, పోయింది తనవాళ్లే, ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నారనుకుంటుంది. భర్త మస్తానయ్య మందను తోలుకుని కొండ పక్కకు పోయి కాస్త పొద్దుపోతే చాలు, వాకిట్లో నిలబడి దోవ చూస్తూ లేని పాములన్నిటినీ ఆయన కాళ్ల కిందికి తెచ్చేది. నీ భయాలు వినీ వినీ యముడికే విసుగొచ్చింది, అందుకే మన గడప తొక్కటం లేదని ఆయన ఎగతాళి చేసేవాడు. అలాంటి మస్తానయ్య కూడా రాజా సంగతి వచ్చేసరికి ఎగతాళి మానేశాడు. దాంతో ఆమెకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

నెల్లూరులో చూపించారు. చెవులు బాగున్నాయని డాక్టరు చెప్పాడు. మాటలు నేర్పే మేడమ్ ఒకామె ఉంటే ఆమె దగ్గరికీ వారం వారం తీసుకుపోతున్నారు. కొందరికి ఆలస్యమవుతుంది, పిల్లాడితో ఆడుతూ పాడుతూ మాట్లాడండి, మాట్లాడు మాట్లాడు అని మాత్రం వాడి వెంటబడకండి అని ఆమె నచ్చజెప్పింది. ముందు మాటలు చెంచమ్మకు వినపడ్డాయి గానీ ఆ చివరి మాట వినపడలేదు. ఆత్మకూరు వచ్చినప్పుడల్లా చెంబు చూపించి ఇదేంది చెప్పు, చెప్పు చూపించి ఇదేంది చెప్పు అని వాడి గడ్డం పట్టుకుని కూర్చునేది. చెప్పకపోతే కళ్లనీళ్లు పెట్టుకునేది. కొన్నాళ్లకు ఆమె గొంతు వాకిట్లో వినపడగానే వాడు మంచం కిందికి దూరటం మొదలుపెట్టాడు.

పోయినసారి ఇంకా పెద్ద పని చేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చున్న చోట, మా మామకు చిన్నాయన ఒకాయన పుట్టు మూగ, ఆ రక్తమేమో అని నోరు జారింది. శ్వేత లోపలికి పోయి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఆమె ఉదయగిరికి తిరిగొచ్చిన రాత్రి కొడుకు ఫోన్ చేశాడు. కోపం కూడా లేదు వాడి గొంతులో.

"అమ్మా, ఈసారి వచ్చేటప్పుడు నీ భయాన్ని ఉదయగిరిలోనే పెట్టి రా. మా ఇల్లు చిన్నది. దానికి చోటు లేదు."

చెంచమ్మ పొద్దున లేచి ట్రంకుపెట్టె తెరిచింది.

సీడీ ఆ పెట్టె అడుగున ఉంది. దాని వెనక ఇరవై మూడేళ్ల కిందటి ఉదయగిరి ఉంది.

పెంచలప్రసాద్‌ను అప్పుడు బుజ్జి అనేవాళ్లు. వాడికీ నాలుగో ఏడు సగం గడిచేదాకా మాట లేదు. చెంచమ్మ మొక్కని దేవుడు లేడు, కట్టని తాయెత్తు లేదు. ఆ రోజుల్లోనే హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి గది తాళం వలి సారు దగ్గరుండేది. ఆయన ఇల్లు వీళ్ల వీధే. ఆయన భార్య దిల్షాద్ బేగం చెక్క గరిటెలు చెక్కేది. మధ్యాహ్నం పూట అరుగు మీద ఆమె చెక్కుతూ ఉంటే చెంచమ్మ పక్కన కూర్చుని ఉన్న భయాలన్నీ చెప్పుకునేది. పిల్లాడి సంగతి వలి సారు చెవిన వేసింది దిల్షాద్ బేగమే.

వలి సారు ఒక ప్రోగ్రాము తయారు చేశాడు. తెర మీద బొమ్మ వస్తుంది, బొమ్మ వెంట మాట వస్తుంది. ఆ మాట తల్లి గొంతులో ఉండాలన్నాడు. సెలవురోజు చూసి చెంచమ్మను బడికి రమ్మన్నాడు. ఆమె తలస్నానం చేసి, గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టింది. గదికి నల్ల పరదాలు. ఒక తెర మీద నీలం ఆకాశం, దాని కింద పచ్చటి గుట్ట. అంత పచ్చికను ఆమె ఉదయగిరి చుట్టుపక్కల ఎప్పుడూ చూడలేదు. ఇంత మేత పెట్టుకుని ఒక్క గొర్రె కూడా లేదేంది సార్ అని అడిగింది. వలి సారు నవ్వి, అది ఎక్స్‌పీ అమ్మా, కొత్తరకం విండోసు, ఆ గుట్ట అన్ని ఊళ్లలోనూ అట్టనే ఉంటాది, ఎవరి గొర్రెలూ మెయ్యవు అన్నాడు.

మైకు ముందు కూర్చోగానే ఆమెకు నాలుక పిడచకట్టింది. సారు పిల్లాడిని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. వాడిని అడగబాకమ్మా, చూపించి చెప్పు, చెప్పి ఊరుకో అన్నాడు. బొమ్మలు ఆయనే కంప్యూటర్లో గీశాడు. గొర్రె నాలుగు కాళ్లున్న దిండులాగా ఉంది. మేక గడ్డం అచ్చం పోస్టాఫీసు ముసలాయన గడ్డమే. అక్కడిదాకా ఆమెకు బాగా గుర్తుంది. ఆ తర్వాత తాను ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో గుర్తులేదు. వణుకుతూ చెప్పి ఉంటానని అనుకునేది. ఆ కాలమంతా ఆమెకు ఏడుపుగానే గుర్తుంది.

మధ్యలో ఒక గండం వచ్చింది. ఆ గదిలో కంప్యూటర్లు రెండు రకాలు. పచ్చిక గుట్ట ఉన్నవి కొత్తవి. ఇంకొన్ని ఎక్కడో వాడి పారేస్తే వచ్చిన పాతవి. ఒకరోజు కొత్తవాటి మీద పెద్దపిల్లలు కూర్చుని ఉంటే సారు ఆ ప్రోగ్రామును పాతదాంట్లో పెట్టాడు. చెంచమ్మ గొంతు బావిలో నుంచి ఎవరో మూలిగినట్టు సాగి సాగి వచ్చింది. బుజ్జి హడలిపోయి, మళ్లీ ఆ గది గడప తొక్కనని పొర్లి ఏడ్చాడు. వాడిని తిరిగి తీసుకుపోవటానికి చాలా రోజులు పట్టింది. అప్పుడు వలి సారు ఆమెకు ధైర్యం చెప్పాడు. ఇంక అట్టా జరగదమ్మా, ప్రోగ్రాము తలుపు దగ్గర కాపలా పెట్టినాను, కంప్యూటరు ఎక్స్‌పీ అయితేనే లోపలికి రానిస్తాది, కాకుంటే రానియ్యదు అన్నాడు. ఆ కాపలావాడి మీద చెంచమ్మకు దేవుడంత నమ్మకం కుదిరింది.

మామిళ్లు పూతకొచ్చే వేళకు బుజ్జి మేక బొమ్మను చూసి మేక అన్నాడు. తర్వాత గొర్రె అన్నాడు, బువ్వ అన్నాడు. ఆ తర్వాత వాడి నోటికి బ్రేకులు పోయాయి. ఇప్పుడు బస్సులో టికెట్టు కొడుతూ ఎక్కినవాళ్లందరి ఊరూ పేరూ అడుగుతాడు. దిగాల్సిన వాళ్లు వాడి కబుర్లలో పడి స్టాపు దాటిపోతుంటారని డిపోలో చెప్పుకుంటారు.

వలి సారు బదిలీ మీద పోతూ, గుర్తుగా ఉంచుకోమని ఆ ప్రోగ్రామును సీడీలో పెట్టి ఇచ్చాడు.

ఆత్మకూరులో దిగి ఇంటికి పోయేసరికి శ్వేత బట్టలు ఆరేస్తోంది. ఆదివారం, సెలవు. ప్రసాద్ నెల్లూరు బస్సు మీద డ్యూటీలో ఉన్నాడు. చెంచమ్మ వాకిట్లో, అమ్మాయ్ శ్వేతా అని పిలిచిందో లేదో, లోపల మంచం కింద ఏదో జరిగిన చప్పుడైంది. ఇద్దరికీ అదేమిటో తెలుసు. ఇద్దరూ తెలియనట్టే ఊరుకున్నారు.

మంచినీళ్లు తాగాక చెంచమ్మ సంచి విప్పి, ఒక చీర ముక్క తీసి, ఇంకో చీర ముక్క తీసి, సీడీని కోడలి ముందు పెట్టి సంగతంతా చెప్పింది. శ్వేత ముఖం మాడిపోయింది.

"మళ్లీనా అత్తా."

"ఈ ఒక్కసారి చూడమ్మా. వాళ్ల నాయనకు దీంట్లోనే మాటలొచ్చినాయి. ఇది కూడా పనికిరాకుంటే ఇంక నా నోట రాజా మాటల సంగతి ఎత్తను. కావాలంటే నీ ఇంటికే రాను."

శ్వేతకు కోపం పోయి భయమేసింది. అత్త ఇంతదాకా ఎన్నో అన్నది గానీ రానని ఎప్పుడూ అనలేదు. ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు లేదు. నెట్ సెంటర్ ఓనరుకు ఫోన్ చేసి, ల్యాప్‌టాప్‌కు తగిలించి సీడీలు నడిపే డబ్బా ఒకటి అడిగి తెచ్చింది. సీడీ లోపల గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. ఆ తిరిగినంతసేపూ చెంచమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. అరిగిపోయిందేమో, చీమలు తిన్నాయేమో, పెట్టెలో కలరా ఉండలు పెట్టినందుకు చెడిపోయిందేమో. కాసేపటికి దానిలో ఉన్నది తెర మీదికొచ్చింది. శ్వేత దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, తెరవటానికి నొక్కింది.

తెర మధ్యలో చిన్న డబ్బా వచ్చింది. అందులో రెండు వరసల ఇంగ్లీషు. చెంచమ్మ ఏడో తరగతి ఇంగ్లీషుతో మొదటి మాట కూడబలుక్కునే లోపల శ్వేత చదివేసింది. ఇది ఎక్స్‌పీలోనే నడుస్తుందట. మీది ఆరు పాయింట్ రెండు అంటోంది.

"పోయిందా? నా గొంతు తుడుచుకుపోయిందా?"

"పోలేదు అత్తా. లోపలే ఉండాది. తలుపు తియ్యటంలేదు."

చెంచమ్మకు అప్పుడు అర్థమైంది. సారు పెట్టిన కాపలావాడు. ఇరవై ఏళ్లు దాటినా కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. తన పిల్లాడు జడుసుకోకూడదని పెట్టినవాడే ఇప్పుడు తన మనవడికి అడ్డం నిలబడ్డాడు.

శ్వేత కాసేపు ఆలోచించి, ఆ మాటలు ఇప్పుడు ఫోన్లోనే రికార్డు చేద్దాం, ఏముంది అంది. చెంచమ్మ సరేనని ఫోను ముందు నోరు తెరిచింది. మేక అన్నది. శ్వేత తిరిగి వినిపించింది. అది మేక పేరు చెప్పినట్టు లేదు, మేక చచ్చిపోయిందని కబురు చెప్పినట్టు ఉంది. రెండోసారి అన్నది ఇంకా అధ్వానంగా వచ్చింది. మంచం కింద పిల్లాడు గోడ వారకు ఇంకాస్త జరిగాడు. చెంచమ్మ ఫోను పక్కన పెట్టేసి, ఇక మిగిలింది సారే అనుకుని వలి సారు నంబరు కలిపింది.

వలి సారు రిటైరై మళ్లీ ఉదయగిరిలోనే ఉంటున్నాడు. దిల్షాద్ బేగం చెక్కిన గరిటెలకు ఉప్పుకాగితం పట్టి నునుపు చెయ్యటం ఇప్పుడు ఆయన పని. ఫోన్లో ఆ గరగర కూడా వినపడుతోంది. సంగతి చెబితే గరగర ఆగిపోయింది.

"అది ఇంకా బతికుండాదా చెంచమ్మా?"

బతికే ఉంది గానీ తలుపు తియ్యటం లేదని చెంచమ్మ చెప్పింది. శ్వేత ఫోను అందుకుని, స్పీకరు పెట్టి, తెర మీద ఉన్నది చదివి వినిపించింది. సారు నవ్వాడు. తర్వాత, బళ్లో పాఠం చెప్పినట్టే నిదానంగా చెప్పుకొచ్చాడు. ప్రతి విండోసుకూ పైకి ఒక పేరు ఉంటుంది, లోపల ఒక నంబరు ఉంటుంది. ఎక్స్‌పీ లోపలి నంబరు అయిదు పాయింట్ ఒకటి. తన ప్రోగ్రాము నిద్ర లేవగానే చేసే మొదటి పని, నీ నంబరెంత అని కంప్యూటరును అడగటం. అయిదు పాయింట్ ఒకటి అంటే తెరుచుకుంటుంది. ఇంకేం చెప్పినా మూసుకుంటుంది. పాతవాటిని ఆపాలన్న తొందరలో అట్లా రాశాడు. అయిదు పాయింట్ ఒకటి గానీ, అంతకు పైన గానీ అని రాసి ఉంటే ఇవాళ ఈ తిప్పలు లేవు.

"ఎక్స్‌పీ తర్వాత ఇంకోటి వస్తాదని ఎవురనుకున్నారమ్మా. అదే కడదాకా ఉంటాది అనుకున్నాం."

శ్వేతకు ఒక అనుమానం. ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పదకొండో విండోసు. మరి ఆరు పాయింట్ రెండు అని ఎందుకంటోంది? దానికీ సారు దగ్గర జవాబుంది. పాత ప్రోగ్రాములు పెద్ద నంబరు వింటే కంగారుపడి ఆగిపోతాయని కొత్త విండోసులకు తెలుసట. అందుకని పాతకాలపు ప్రోగ్రాము ఎదురొస్తే అసలు నంబరు దాచి, తగ్గించి చెబుతాయట. పెళ్లిచూపుల్లో వయసు చెప్పినట్టేనమ్మా అన్నాడు. చెంచమ్మ బుగ్గన వేలేసుకుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న మెషీను కూడా అబద్ధాలాడుతుందా అని.

"ఇప్పుడు రాసేవాళ్లు నంబరు అడగటం తగ్గించినారు" అన్నాడు సారు. "నంబరును బట్టి దానికి ఏమొచ్చో ఏం రాదో చెప్పలేం. గొంతు వినిపించగలవా, బొమ్మ చూపించగలవా అని, కావాల్సిన పనినే అడుగుతారు."

శ్వేత మంచం వైపు చూస్తూ, ఫోనుకు కాక తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

"వీడిని చూసినోళ్లంతా నంబరే అడుగుతారు సార్. ఎన్నేళ్లు, ఎన్నేళ్లు అని. బస్సులో అడుగుతారు, కొట్లో అడుగుతారు. నీళ్ల బిందె కదిలిస్తే చాలు పరిగెత్తుకొచ్చి మూత తీస్తాడు. వాళ్ల నాయన బస్సు హారను ఏదో, ఇంకో బస్సుదేదో గుర్తుపడతాడు. అయ్యి ఎవురూ అడగరు."

చెంచమ్మ కూడా మంచం వైపు చూసింది. తాను అయినా అడిగిందా? బస్సు హారను సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ఆ ప్రోగ్రామును తిరిగి రాద్దామంటే అప్పట్లో రాసుకున్న మూలం తన దగ్గర లేదని, ఎప్పుడో చెదలు పట్టిన కంప్యూటర్‌తో పాటు పోయిందని సారు చెప్పాడు. కాని దోవ ఉందన్నాడు. ఈ ఒక్క ప్రోగ్రాము అడిగినప్పుడు మాత్రం నేను ఎక్స్‌పీని అని చెప్పమని ల్యాప్‌టాప్‌కు చెప్పవచ్చు. ఆ సౌకర్యం విండోసులోనే పెట్టి ఉంటారు. మిగతా అందరికీ అది పదకొండే, దీనికి మాత్రం ఎక్స్‌పీ. శ్వేతకు అది ఎక్కడుంటుందో వెంటనే తట్టింది. చెంచమ్మకు మాత్రం ఇది ఎటుపోయి ఎటు వస్తుందోనని బెంగ. దొంగతనంగా లోపలికి దూరితే నడిమధ్యలో కనిపెట్టి గొంతును చెరిపేస్తే? ఆమె అది అడిగేసరికి వలి సారు ఆమెకు తెలిసిన దోవన వచ్చాడు.

"చెంచమ్మా, పిల్ల చచ్చిన గొర్రె దగ్గరికి తల్లి లేని పిల్లను ఎట్టా చేరుస్తారు మీ ఇంట్లో?"

ఎట్లా చేరుస్తారో ఆమెకు చెప్పాలా. వరికుంటపాడు పక్కన పుట్టిల్లు, నాయనకు పెద్ద మంద. ఈత ఈనగానే పిల్ల పోతే ఆ గొర్రె పొదుగు గట్టిపడి అరుస్తూ తిరిగేది. మందలో ఇంకో మూల, తల్లి పోయిన పిల్ల ఆకలికి అరిచేది. దాన్ని తెచ్చి పొదుగు దగ్గర పెడితే గొర్రె వాసన చూసి తలతో కుమ్మేది. అది అడిగేది ఒక్కటే, వాసన. అప్పుడు నాయన చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికిన పిల్లకు చొక్కాలాగా తొడిగేవాడు. కాళ్లు పట్టుకుని కూర్చునేది చిన్న చెంచమ్మ. గొర్రె వచ్చి ముక్కు ఆనించి, ఒకసారి చూసి, రెండోసారి చూసి, కాళ్లు ఎడం చేసి నిలబడేది. పిల్ల తోక ఆడిస్తూ చీకేది. అప్పుడు కూడా ఆమె భయపడేది, మోసం తెలిసి తన్నుతుందేమోనని. నాయన నవ్వేవాడు. మోసం యాడుండాది పాపా, దానికి పిల్ల కావాల, దీనికి పాలు కావాల, తోలు మధ్యలో మాట సాయం అంతే అనేవాడు. కొన్నాళ్లకు తోలు తీసేసినా ఆ గొర్రె ఆ పిల్లను వదిలేది కాదు. ఒక్కోసారి ఊరకనే తన్నేది కూడా, అది వేరే సంగతి. ఆ రెండోదే చెంచమ్మకు ముందు గుర్తొచ్చింది, కాని ఇవాళ దాన్ని నోటిదాకా రానియ్యలేదు.

"తోలు కప్పుతారు సార్" అంది.

"అంతే. కప్పండి."

శ్వేత ప్రోగ్రాము మీద కుడివైపు మీట నొక్కి, ఒక పట్టీ తెరిచి, అందులో ఇంకో పేజీ తెరిచింది. పాత విండోసుల పేర్లన్నీ వంశవృక్షంలాగా వరసగా వచ్చాయి. తొందరలో ఎక్స్‌పీ బదులు ఏడో విండోసును నొక్కింది. చిన్న డబ్బా మళ్లీ వచ్చింది. మీది ఆరు పాయింట్ ఒకటి అంది. వేరే పిల్ల తోలు కప్పినట్టున్నావమ్మాయ్ అని చెంచమ్మ గొంతు తగ్గించి చెప్పింది. శ్వేతకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. మళ్లీ తెరిచి, ఎక్స్‌పీ వెతికి నొక్కింది. ఇద్దరూ తెర వైపు వంగారు.

డబ్బా రాలేదు. తెర మధ్యలో చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో నాలుగు కాళ్లున్న దిండు.

"బుజ్జీ, ఇటు చూడు నాయనా. గొర్రె. ఎంత లావు గొర్రె. దీనికి బొచ్చు కత్తిరించాలంటే మీ నాయనకు రెండు రోజులు పడతాది."

ఆ వెనకే నవ్వు. పట్టుకోలేక, మైకు ముందు ఉన్నానన్నది కూడా మరిచిపోయి నవ్విన నవ్వు. నవ్వు మధ్యలో చిన్నపిల్లాడి ఊపిరి.

"ఇది నువ్వా అత్తా?" అని శ్వేత అడిగింది.

ఆ నవ్వు తనది కాదేమో అనుకుంది చెంచమ్మ. ఆ కాలంలో తాను ఏడ్చిందని గుర్తుంది, దేవుళ్ల చుట్టూ తిరిగిందని గుర్తుంది. నల్ల పరదాల గదిలో పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఇంతలా నవ్విందని ఎవరు చెప్పినా నమ్మేది కాదు. ఆ గొంతులో వణుకు లేదు. ఆ గొంతు ఎవరినీ చెప్పు చెప్పు అనటం లేదు. చూపిస్తోంది, చెబుతోంది, ఊరుకుంటోంది. బొమ్మ మారింది. బువ్వ వచ్చింది. బువ్వలో నెయ్యి వేసిందా లేదా అని గొంతు తనలో తానే వాదులాడుకుంది. నీళ్లు వచ్చాయి. నాయన వచ్చాడు, చేతిలో కర్రతో, సారు గీసిన వంకర కాళ్లతో. ఒక్కో మాటకూ వెనక కాస్త ఎడం ఉంది. ఆ ఎడంలో అప్పటి గది చప్పుళ్లు వినపడుతున్నాయి, దూరంగా బడి గంట, ఫ్యాను కీచుమనటం. ఫోన్లో వలి సారు కూడా వింటున్నాడు. గరిటె మీద ఉప్పుకాగితం కదలటం లేదు.

మంచం కింద నుంచి ముందు తల వచ్చింది. తర్వాత మోచేతులు. రాజా పాక్కుంటూ బయటికి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. బొమ్మలు వాడికి పట్టలేదు. తెర వెనక్కి పోయి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ ముందుకొచ్చి విన్నాడు. శ్వేత పిలవబోతే చెంచమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. వాడు మెల్లగా తల తిప్పి నాయనమ్మ వైపు చూశాడు. ఇరవై మూడేళ్లు చిన్నదైన గొంతు. దాన్ని వాడు ఎన్నడూ విన్నది లేదు. ఎవరూ చెప్పిందీ లేదు. దగ్గరికొచ్చి, ఆమె మోకాళ్ల మధ్య నిలబడి, అరచెయ్యి తీసి ఆమె పెదాల మీద పెట్టాడు. ల్యాప్‌టాప్ వైపు ఒకసారి, ఆమె నోటి వైపు ఒకసారి చూశాడు.

చెంచమ్మకు ఇదేంది చెప్పు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తెర మీద పోస్టాఫీసు ముసలాయన గడ్డంతో మేక వచ్చింది.

"ఇదిగో మేక" అంది తెరలోని గొంతు.

"మేక" అంది చెంచమ్మ, వాడి అరచెయ్యి కింద నుంచి. "గడ్డం చూడు దీనికి. దువ్వుకోదు." తర్వాత మేకలాగా అరిచింది. పెదాలు అదిరి వాడి చెయ్యికి చక్కిలిగింత పుట్టింది. వాడు కిసుక్కుమన్నాడు. చెయ్యి తియ్యలేదు. ఆమె మళ్లీ అరిచింది. తర్వాత ఏం జరుగుతుందోనని ఆ క్షణాన ఆమెకు తోచలేదు. ఆమె బతుకులో అట్లాంటి క్షణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

శ్వేత పక్కనే నేల మీద కూర్చుని, మేక బొమ్మనే మళ్లీ మళ్లీ తెప్పించింది. గొంతు మేక అనేది, ఊరుకునేది. చెంచమ్మ మేక అనేది, ఊరుకునేది. అట్లా ఎన్నిసార్లు అయిందో ఎవరూ చూసుకోలేదు. ఒకసారి గొంతు మేక అని ఊరుకున్న ఎడంలో వాకిలి నుంచి ఒక మగ గొంతు పలికింది.

"మేక."

పెంచలప్రసాద్. డ్యూటీ దిగి వచ్చి, భుజాన సంచితో, ఒక కాలికి చెప్పుతో గడపలో నిలబడి ఉన్నాడు. తాను ఏమన్నాడో తనకే తెలిసినట్టు లేదు. ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో, తన నోరు ఎందుకు జవాబు చెప్పిందో అర్థం కాక, ఊరంతా కబుర్లు చెప్పే కండక్టరు నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయాడు.

రాజా తండ్రిని చూశాడు. నాయనమ్మను చూశాడు. వాడి పెదాలు దగ్గరకొచ్చి ఒకదానికొకటి అంటుకున్నాయి. కాసేపు అట్లాగే ఉన్నాయి.

"మ్మే" అన్నాడు.

శ్వేత కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ప్రసాద్ ఒక అడుగు ముందుకు వేసి, వెనక్కి తగ్గాడు. ఫోన్లో వలి సారు, ఏమైందమ్మా, ఎవురది, ఎవురన్నారది అని అడుగుతూనే ఉన్నాడు. చెంచమ్మకు గుండెలో నుంచి అలవాటైన దడ లేచి వస్తోంది. ఇది మాటేనా, మేక అరుపా, రేపటికి ఉంటుందా, ఎవరి దిష్టైనా తగులుతుందా. వాడి చెయ్యి ఇంకా ఆమె పెదాల మీదే ఉంది, ఆమె వంతు కోసం చూస్తోంది.

"సార్‌కు తర్వాత చెప్దాంలే అమ్మాయ్" అంది, ఆ చెయ్యి జారిపోకుండా మెల్లగా. "నువ్వు ఇంకోసారి తెప్పించు."